ఒకే గడ్డ, రెండు రిపోర్టులు: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము గాజువాకలో ఉంటాం. మా అమ్మకు 58 ఏళ్లు. కుడి రొమ్ములో గడ్డ తగిలితే సూదితో ముక్క తీసి పరీక్ష చేయించారు. క్యాన్సర్ అని తేలింది. ఆ ముక్క మీదే ఐహెచ్‌సీ (గడ్డలో ఏ ప్రొటీన్లు ఉన్నాయో యాంటీబాడీతో చూసే పరీక్ష) చేసి ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే ప్రొటీను) 80 శాతం పాజిటివ్, పీఆర్ (ప్రొజెస్టెరాన్ హార్మోనును అందుకునే ప్రొటీను) 40 శాతం పాజిటివ్, హెర్2 (కణాల పెరుగుదలను నడిపే ప్రొటీను) 2+ అని ఇచ్చారు. తరువాత ఒక నర్సింగ్ హోమ్‌లో శనివారం సాయంత్రం ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తీసిన భాగాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నగరంలోని ల్యాబులో ఇమ్మని నా చేతికిచ్చారు. బండి మీద వెళ్లేసరికి ల్యాబు మూసేశారు. ఆదివారమంతా డబ్బా మా ఇంట్లోనే ఉంది. సోమవారం ఉదయం ఇచ్చాను. ఇప్పుడు వచ్చిన రిపోర్టులో ఈఆర్ సున్నా, పీఆర్ సున్నా, హెర్2 1+ అని, కింద ‘ట్రిపుల్ నెగటివ్’ (మూడూ నెగటివ్) అని రాశారు. నెట్‌లో దాని గురించి చదివి ఇంటిల్లిపాదీ భయపడిపోయాం. కరోనా రోజుల్లో యాంటీబాడీ పరీక్ష అంటే రక్తం తీశారు. గడ్డ ముక్కకు యాంటీబాడీ పరీక్ష ఏమిటి? రెండు రిపోర్టుల్లో ఏది నిజం? డబ్బా మోసింది నేనే కాబట్టి తప్పు నాదేనా? వచ్చే వారం కీమో మొదలుపెడతామంటున్నారు. మా చెల్లి కూడా పరీక్షలు చేయించుకోవాలా?

జవాబు: ముందు పని మాట, తరువాత కారణాలు. ‘ట్రిపుల్ నెగటివ్’ అన్న మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసిన వివరాలను బట్టి రెండో రిపోర్టులోని ఆ సున్నాల మీద నాకు నమ్మకం లేదు. సూదిముక్క మీద వచ్చిన మొదటి ఫలితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అయితే ఉత్తరం చదివి నాలాంటివాళ్లు చెప్పే అభిప్రాయం మీద వైద్యం నడవకూడదు. కీమో మొదలయ్యేలోపు రెండు పనులు జరగాలి. మొదటిది, సూదిముక్కను దాచి ఉంచిన మైనపు దిమ్మ (బ్లాకు) మీద హెర్2కు ఫిష్ పరీక్ష, అంటే జన్యువును లెక్కపెట్టే పరీక్ష. రెండోది, రెండు చోట్ల ఉన్న బ్లాకులూ స్లైడ్లూ ఒకే పెథాలజిస్టు (గడ్డ ముక్కలను మైక్రోస్కోపులో చూసి రిపోర్టు ఇచ్చే డాక్టరు) బల్ల మీదకు చేరడం. వచ్చే వారమే కీమో అన్నా కంగారు వద్దు, ఆపరేషన్ గాయం మానడానికి సాధారణంగా కొన్ని వారాలు ఆగుతారు. ఆ వ్యవధిలో ఈ పనులు పూర్తవుతాయి. మీ ఆంకాలజిస్టుకు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆయన చేతికి రెండోది మాత్రమే వెళ్లి ఉండవచ్చు.

ఇక కరోనా సందేహం. అప్పుడు మీ రక్తంలో యాంటీబాడీ ఉందా లేదా అని వెతికారు. ఇక్కడ యాంటీబాడీ మనది కాదు, సీసాలో కొని తెచ్చుకున్న పనిముట్టు. ఒక ప్రొటీనును మాత్రమే గుర్తుపట్టి అంటుకునేలా కుందేలు నుంచో, ఎలుక నుంచో తయారుచేస్తారు. దాన్ని గడ్డ ముక్క మీద వేస్తే ఆ ప్రొటీను ఉన్న చోట అతుక్కుంటుంది, లేని చోట కడిగేస్తే పోతుంది. అతుక్కున్నది కంటికి కనిపించాలి కదా! 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి చూపించింది. తరువాత ఆ రంగు స్థానంలో ఎంజైము వచ్చింది. ఎప్పుడు తయారుచేసినా ఒకే తీరుగా పనిచేసే యాంటీబాడీలను అంతులేకుండా తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనుక్కున్నారు. దానికి 1984లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ రోజు విశాఖలోని ల్యాబులో మీ అమ్మగారి స్లైడు మీద పడిన చుక్క ఆ పరంపరలోదే.

బల్ల మీద జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఊరబెట్టి, నీరంతా తీసేసి, కరిగిన పారఫిన్ మైనంలో పోసి దిమ్మ కడతారు. మేము ‘బ్లాకు’ అనేది దీన్నే. అగ్గిపెట్టె కన్నా చిన్నది, ఒక పక్కన ల్యాబు నంబరు ఉంటుంది. దాన్ని మైక్రోటోము అనే కోత యంత్రం మీద సుమారు 4 మైక్రాన్ల మందాన కోస్తారు. అంటే మిల్లీమీటరులో 250వ వంతు. ఆ పొర గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంటే గాజు పలక మీదకు ఎక్కిస్తారు. మైనం కరిగించి తీసేశాక అసలు చిక్కు మొదలవుతుంది. ఫార్మలిన్ కణజాలాన్ని కుళ్లకుండా కాపాడుతుంది కానీ, ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేసి యాంటీబాడీ అంటుకోవలసిన చోటును మూసేస్తుంది. అందుకని స్లైడును తగిన ద్రావణంలో ముంచి బాగా వేడిచేసి ఆ ముడులు విప్పుతారు. ఈ కిటుకు 1991లో బయటపడింది. అంతకు ముందు ఎన్నో యాంటీబాడీలు మైనపు దిమ్మల మీద పనిచేసేవే కావు. ఆ తరువాత యాంటీబాడీ వేసి, కడిగి, ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ వేసి, కడిగి, చివరికి డాబ్ అనే రసాయనం వేస్తే ఎంజైము ఉన్న చోటల్లా గోధుమరంగు తేలుతుంది. మిగిలిన కణాలు కనిపించడానికి హెమటాక్సిలిన్‌తో నీలం అద్దుతారు. ఈఆర్, పీఆర్ అయితే గోధుమరంగు కణం మధ్యనున్న కేంద్రకంలో ఉండాలి. హెర్2 అయితే కణం అంచు పొడవునా గీతలా ఉండాలి. రంగు ఉందా అని చూస్తే సరిపోదు, ఉండవలసిన చోట ఉందా అని చూడాలి.

అంటే, యాంటీబాడీ ఎంత గొప్పదైనా ప్రొటీను అక్కడ మిగిలి ఉంటేనే పట్టుకుంటుంది. శరీరం నుంచి బయటికి వచ్చిన కణజాలానికి రక్తం అందదు, కానీ దాని సొంత ఎంజైములు పని ఆపవు. అవి లోపలి నుంచే ప్రొటీన్లను తినేస్తూ పోతాయి. ఈఆర్, పీఆర్ ఈ విషయంలో మరీ సున్నితమైనవి. అందుకే అమెరికాలోని క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, పెథాలజిస్టుల కాలేజీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు గడ్డ బయటికి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలంటాయి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలంటాయి.

‘శనివారం రాత్రి నుంచి సోమవారం ఉదయం దాకా అయితే 72 గంటల లోపే కదా’ అని మీరు అడగవచ్చు. గడియారం లెక్క సరిపోయింది, నిజమే. కానీ ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి వెళ్తుంది, లోతుకు పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. రొమ్ము మొత్తం తీసినప్పుడు గడ్డ కొవ్వు మధ్యలో ఎక్కడో లోతున ఉంటుంది. ఊరమిరపకాయలకు గాటు పెట్టకుండా మజ్జిగలో వేస్తే పైన తోలు తడుస్తుంది, లోపల గింజకు ఉప్పు అందదు. ఇదీ అంతే. తీసిన భాగాన్ని గడ్డ తెరుచుకునేలా పలుచని పొరలుగా కోసి, దాని పరిమాణానికి పది రెట్లు ఫార్మలిన్ పోయాలి. మీ చేతికిచ్చిన డబ్బాలో రొమ్ము మూత దాకా కుక్కి, సందుల్లో కాస్త ద్రవం ఉండి ఉంటే, లోపలున్న గడ్డ మన విశాఖ ఉక్కపోతలో ఒక రాత్రీ ఒక పగలూ మరో రాత్రీ ఫార్మలిన్ ముఖం చూడకుండానే గడిపింది. ఆ ద్రవం ఫార్మలిన్ కాక సెలైన్ అయితే ఇక చెప్పేదే లేదు. నర్సింగ్ హోమ్ వారిని ఈ ఒక్క ముక్క అడగండి: డబ్బాలో పోసింది ఏమిటి, కోసి పెట్టారా, కోయకుండా పెట్టారా?

రెండో రిపోర్టు మీద నాకున్న అనుమానాన్ని రుజువు చేయడానికో, కొట్టివేయడానికో తేలికైన దారి ఒకటుంది. గడ్డ పక్కనే మామూలు పాలనాళాలు కూడా అదే స్లైడులో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఆ నాళాల కణాల్లో కొన్నిటికి ఈఆర్ సహజంగానే ఉంటుంది. 58 ఏళ్ల వయసులో కూడా ఉంటుంది. పరీక్ష సరిగ్గా పనిచేస్తే ఆ కణాలు గోధుమరంగుకు రావాలి. దీన్ని ‘అంతర్గత కంట్రోలు’ అంటాం. గడ్డ నీలంగా ఉండి పక్కన నాళాలు గోధుమరంగుకు వస్తే అది నిజమైన నెగటివ్. గడ్డా నాళాలూ రెండూ నీలంగానే ఉంటే అది నెగటివ్ కాదు, ఆ పరీక్ష జరగనట్టే లెక్క. అలాంటప్పుడు రిపోర్టులో సున్నా వేయకుండా ‘నిర్ధారించలేం’ అని రాయాలి. మీరు ల్యాబుకు వెళ్లి పెథాలజిస్టును కలవండి. కౌంటరు దగ్గర ఆగిపోవద్దు, డాక్టరునే కలవాలని చెప్పండి. ‘ఈఆర్ స్లైడులో అంతర్గత కంట్రోలు వచ్చిందా సార్?’ అని మర్యాదగా అడగండి. మంచి పెథాలజిస్టు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి చూపిస్తారు.

ఆ ల్యాబు వారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మొదటి రిపోర్టు వారి ముందు ఉందో లేదో మనకు తెలియదు. సూదిముక్క వేరే చోట చదివినప్పుడు దాని నకలు డబ్బాతో పాటు పంపాలన్న ఆలోచన చాలా చోట్ల ఎవరికీ రాదు. ముందు ఫలితం 80 శాతం అని తెలిసి ఉంటే సున్నా చూసిన ఏ పెథాలజిస్టయినా కలం ఆపుతారు.

మరి మొదటిది ఎందుకు నమ్మాలి? సూదిముక్క అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. తీసిన వెంటనే ఫార్మలిన్ సీసాలో పడుతుంది, ద్రవం క్షణాల మీద చుట్టుముడుతుంది. అందుకే ఈ పరీక్షలకు సూదిముక్కే మేలని మేము అంటాం. చిన్న ముక్క కాబట్టి గడ్డలో ఒక మూల మాత్రమే చూపిస్తుందన్నది నిజమే. గడ్డలో అన్ని కణాలూ ఒకేలా ఉండవు, ఒక చోట ఈఆర్ ఎక్కువ, మరో చోట తక్కువ ఉండవచ్చు. 80 శాతం, 50 శాతం అని తేడా వస్తే ఆ మాట ఒప్పుకుంటాను. సూదిముక్కలో 80, మిగిలిన గడ్డలో సున్నా అంటే, మధ్యలో ఏ మందూ వాడకుండా, నాకు మింగుడుపడదు. ఈఆర్‌కు 1 శాతం కణాలు రంగుకు వచ్చినా పాజిటివ్ కిందే లెక్క, 1 నుంచి 10 లోపయితే ‘లో పాజిటివ్’ అని విడిగా రాస్తారు. కాబట్టి ఇది గీతకు అటూ ఇటూ ఉన్న తగువు కాదు. ఇక మిగిలినవి అరుదైన కారణాలు: రొమ్ములో రెండు వేరు వేరు గడ్డలు ఉండటం, లేదా బ్లాకుల నంబర్లు తారుమారు కావడం. రెండు స్లైడ్లనూ ఒకే కన్ను పక్కపక్కన చూస్తే ఇవి కూడా తేలిపోతాయి.

హెర్2 విషయానికి వద్దాం. ఇక్కడ నాలుగు మెట్లు: 0, 1+, 2+, 3+. మొదటి రెండూ నెగటివ్ కిందే లెక్క. పది శాతానికి మించిన క్యాన్సర్ కణాల అంచు చుట్టూ ముదురు గోధుమరంగు గీత పూర్తిగా ఉంటే 3+, అంటే పాజిటివ్. గీత పూర్తిగా ఉన్నా పలచగానో మధ్యస్థంగానో ఉంటే 2+. దీని అర్థం ‘సగం పాజిటివ్’ అని కాదు. రంగు చూసి తేల్చలేకపోతున్నాం, జన్యువును లెక్కపెట్టి చూడండి అని పెథాలజిస్టు చేతులెత్తి చెబుతున్న మాట అది. నాకు ఈ 2+ మీద గౌరవం. తెలియని దాన్ని తెలిసినట్టు రాయడం కన్నా ఇది నయం. సూదిముక్క అంచులు నలిగిన చోట రంగు ఎక్కువ పట్టే అవకాశం కూడా ఉంటుంది, కాబట్టి ఆ సందేహం తీరాలి. ఫిష్ పరీక్షలో 17వ క్రోమోజోము మీదున్న హెర్2 జన్యువుకు ఒక రంగు, అదే క్రోమోజోము నడుముకు మరో రంగు మెరిసేలా చేసి కణం కణంలోనూ చుక్కలు లెక్కిస్తారు. రెండింటి నిష్పత్తి 2కు తగ్గకుండా, కణానికి సగటున 4కు తగ్గకుండా హెర్2 చుక్కలు ఉంటే పాజిటివ్. మొదటి రిపోర్టు వచ్చిన రోజే ఇది చేయించి ఉండాల్సింది. ఆపరేషన్ హడావుడిలో మరుగున పడినట్టుంది.

ఇంత పట్టుబట్టడం దేనికంటే, మందులు ఈ రంగుల మీదే ఆధారపడి ఉన్నాయి. ఈఆర్ పాజిటివ్ అయితే మీ అమ్మగారి వయసులో లెట్రోజోల్ వంటి మాత్రలు సాధారణంగా 5 ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి వాడతారు. జబ్బు తిరగబెట్టకుండా కాపాడడంలో వాటిది పెద్ద పాత్ర. ‘నెగటివ్’ అని పొరపాటున ముద్ర పడితే ఆ మాత్రలు ఆమెకు అందకుండానే పోతాయి. నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. పైగా ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్, చంకలో గ్రంథులకు పాకలేదు అన్న పరిస్థితిలో అసలు కీమో అవసరమా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ట్రిపుల్ నెగటివ్ అయితే ఆ ప్రశ్న దాదాపు ఉండదు, మందులు కూడా వేరు. ఫిష్‌లో హెర్2 పాజిటివ్ వస్తే ట్రాస్టుజుమాబ్ కలుస్తుంది. 1998 నుంచి వాడుకలో ఉన్న మందు అది, అదీ ఒక యాంటీబాడీయే. స్లైడు మీద రంగు చూపించే యాంటీబాడీ ఏ ప్రొటీనును పట్టుకుంటుందో, ఒంట్లోకి ఎక్కించే ఈ మందు కూడా దాన్నే పట్టుకుంటుంది. దాన్ని కీమోతో పాటే మొదలుపెట్టడం మామూలు కాబట్టి ఫిష్ ఫలితం ముందే చేతిలో ఉండాలి.

ఇప్పుడు మీరు తిరగవలసిన తిరుగుడు. సూదిముక్క చేసిన ల్యాబుకు వెళ్లి బ్లాకు, దాని స్లైడ్లు, ఐహెచ్‌సీ స్లైడ్లు అడగండి. బ్లాకు రోగికి సంబంధించినది, రాతపూర్వకంగా అడిగి సంతకం చేసి తీసుకోవచ్చు. మీరూ ఒక రసీదు తీసుకోండి. ఆ బ్లాకులో కణజాలం చాలా కొంచెమే ఉంటుంది, కోసిన ప్రతిసారీ తరుగుతుంది. అందుచేత ముందు ఫిష్‌కు, తరువాతే మిగతా వాటికి వాడమని కాగితం మీద రాయించండి. ఆపరేషన్ గడ్డ నుంచి సాధారణంగా ఒకటికి మించి బ్లాకులు తీస్తారు. వాటిలో ఫార్మలిన్ బాగా పట్టిన అంచు భాగం బ్లాకు ఏదో పెథాలజిస్టు స్లైడు చూసి చెప్పగలరు. ఈఆర్ తిరిగి చేయడానికి దాన్ని ఎంచుకోమనండి. ఈ బ్లాకులను బండి డిక్కీలో వేసి ఎండలో నిలపవద్దు. మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది, మన వేసవిలో మూసిన డిక్కీని నమ్మలేం. దూదిలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నా చాలు.

రెండో అభిప్రాయానికి మీరు హైదరాబాదు, ముంబయి పరుగెత్తనక్కరలేదు. టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది, మీ గాజువాకకు దగ్గరే. ఇటు మహారాణిపేటలో కేజీహెచ్, దానికి అనుబంధంగా 1923 నుంచి నడుస్తున్న ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఎక్కడ చూపించినా మొదటి రిపోర్టు, రెండో రిపోర్టు, ఆపరేషన్ కాగితం, డబ్బా ప్రయాణం గురించి మీరు నాకు రాసిన ఆ నాలుగు వాక్యాలు, అన్నీ కలిపి ఇవ్వండి. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే చూసేవారికి సగం కథే తెలుస్తుంది. ఖర్చు విషయంలో ప్రభుత్వ పథకం కింద ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

తప్పు మీదేనా అని అడిగారు. కాదు. శనివారం సాయంత్రం ఆపరేషన్ పెట్టుకున్నవారికి ల్యాబు ఎన్నింటికి మూస్తారో తెలియాలి. గడ్డను కోసి, సరిపడా ఫార్మలిన్ పోసి, ఎన్నింటికి తీశారో, ఎన్నింటికి ద్రవంలో వేశారో డబ్బా మీద రాసి, తమ మనిషితో పంపించవలసిన బాధ్యత వారిది. తల్లి ఇంకా మత్తులో ఉండగా కొడుకు చేతిలో క్యారీబ్యాగు పెట్టి, ఎన్‌ఏడీ కూడలి ట్రాఫిక్‌లోకి తోలడం వైద్యం అనిపించుకోదు. మా ల్యాబుల కౌంటర్ల దగ్గర ఇది రోజూ కనిపించే దృశ్యమే. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు, కారుతున్న మూతను చేత్తో అదిమి పట్టుకుని తెచ్చేవాళ్లు, పాపం, అది ఏమిటో కూడా తెలియనివాళ్లు. మీరు చెప్పిన చోటికి చెప్పినట్టు తెచ్చారు. తెరిచి ఉన్న మొదటి గంటలోనే ఇచ్చారు. అంతకు మించి చేయవలసింది మీ చేతిలో లేదు.

మీ చెల్లెలి గురించి. ఐహెచ్‌సీ గడ్డలో ఏ ప్రొటీన్లు ఉన్నాయో చెబుతుంది, అది వంశంలో వచ్చిందా లేదా అన్నది చెప్పదు. రెండు రిపోర్టుల లెక్క తేలి, గడ్డ నిజంగానే ట్రిపుల్ నెగటివ్ అని నిర్ధారణ అయితే బీఆర్‌సీఏ (లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పును వంశంలో పెంచే జన్యువులు) జన్యు పరీక్ష చేయించమంటారు. అది కూడా ముందు మీ అమ్మగారి రక్తంతోనే, చెల్లెలితో కాదు. అమ్మగారిలో జన్యు లోపం కనబడితేనే చెల్లెలికి ఆ పరీక్ష. అలా కాక మొదటి రిపోర్టే నిలబడితే, మీ కుటుంబంలో అమ్మమ్మకో పిన్నికో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిన చరిత్ర ఉందా అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. ఎలా తేలినా, తల్లికి ఈ జబ్బు వచ్చిందని తన డాక్టరుకు ఇప్పుడే చెప్పి, మామోగ్రామ్ ఏ వయసు నుంచి చేయించుకోవాలో అడగమనండి. ఈలోగా చేతికి కొత్తగా గడ్డ ఏదైనా తగిలితే వయసు ఎంతైనా ఆగకుండా చూపించుకోవాలి.